మావాడి పరీక్ష, నా కన్ను

అరవై రెండులో మాట. కళ్లద్దాల కోర్సు చదివే మావాడు ప్రాక్టికల్ పరీక్షకి మనిషిని తనే తెచ్చుకోవాలంటే, నన్ను గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. వరండాలో కూర్చున్నాం.

"నేను తప్పు చెబితే నువ్వు తప్పుతావేమోరా."

"భయమెందుకమ్మా? చార్టులో గుర్తు ఎటు తిరిగుందో చేత్తో చూపించు, చాలు."

"పైకి, కుడికి, కిందికి, మళ్లీ కుడికి. సరేనా?"

"ఇక్కడ చార్టేదీ? ఏం చూసి చెబుతున్నావ్?"

"ఇంట్లో గోడకి తగిలించావుగా, బట్టీ పట్టా."

"అయ్యో! కనపడకుండా చెబితే తప్పుడు అద్దాలు రాస్తాను. అప్పుడు నిజంగానే తప్పుతాను."

"కనపడలేదంటే నీకేం కాదుగా?"

"ఏం కాదమ్మా."

"అయితే విను. నిరుడు కల్లంలో మిరపగింజ పడ్డకాణ్ణించీ, ఈ ఎడం కంటికి నువ్వు కూడా ఆనవురా."