మెడలో శిల్పం

2009లో ఒక ఆదివారం ఉదయం, బోయిగూడలోని ఒక చర్చి గేటు దగ్గర మేనత్త తన మేనకోడలిని ఆపేసింది. ఆ సంఘంలో ఆడవాళ్ళు నగలు పెట్టుకోరు.

“మెడలో ఏంటే అది? ముందు తీసెయ్.”

“నగ కాదత్తా, శిల్పం. నేనే చేశాను. మధ్యాహ్నం ఎగ్జిబిషన్‌లో పెడుతున్నారు.”

“శిల్పమా? అయితే ఇంకా ఘోరం. విగ్రహాలు చేసుకోవద్దని ఆజ్ఞ ఉంది, మర్చిపోయావా?”

“దీనికి ముఖం లేదు, చేతులు లేవు. ఎవరు మొక్కుతారు?”

“బంగారమేనా?”

“రాగి. మోండా మార్కెట్‌లో పాత బిందె కొని, కోసి, సుత్తితో కొట్టి రెక్కలా వంచాను.”

“బిందె మెడకి కట్టుకుని ఆరాధనకి వచ్చావా! బరువుగా లేదూ?”

“లేదు. చూస్తావా?”

“ఇటియ్యి. అబ్బ, చల్లగా ఉందే! వెనకాల కొక్కెం పెట్టు.”

“అత్తా, నువ్వు పెట్టుకుంటావా?”

“అరవై రెండేళ్ళొచ్చాయి. ఈ మెడలో పూసల దండ కూడా పడలేదు. ఎలా ఉంది?”

“నాకంటే నీకే బాగుంది. నిజంగా.”

“తెలుస్తూనే ఉంది. నీ ఫోన్‌లో ఒక ఫొటో తియ్యి. కొంచెం పక్క నుంచి.”

“తీశాను. గంట కొట్టేశారు, ఇచ్చెయ్ అత్తా.”

“మధ్యాహ్నానికి ఇస్తాలే. పద లోపలికి.”

“పాస్టరమ్మ గారు అడిగితే?”

“నగ కాదని చెప్తాను. నువ్వే చెప్పావుగా.”

“మరి నా మెడ?”

“బోసిగానే రా. చర్చికి అలాగే రావాలని నీకెన్నిసార్లు చెప్పాను?”