పగటి నిద్రలు

“తలుపు తియ్యమనడం లేదు దోన్యా. ఆ సందులోంచే చెప్పండి చాలు. ఈ ఇంట్లో ఎంతమంది?”

“చెప్పాగా. నేనొక్కదాన్నే.”

(యూనియన్ సిటీలో ఓ పాత ఇల్లు, మూడో అంతస్తు, పొద్దున పదకొండు. గొలుసు వేసిన తలుపు వెనక ఒబ్దులియా అనే ముసలావిడ, అందరికీ దోన్యా, అంటే వాళ్ళ భాషలో అమ్మగారు; బయట జనాభా లెక్కలకొచ్చిన యాదిరా.)

“మరి ఆ దగ్గు?”

“పిల్లి.”

“పిల్లి దగ్గుతుందా?”

“ముసలి పిల్లి. నిన్నెవరు పంపారు? ఓనరేనా?”

“కాదు, జనాభా లెక్కలు. ఇదిగో కార్డు.”

“కార్డుదేముంది, కింద కొట్టువాడు ఐదు నిమిషాల్లో చేసిస్తాడు. పోయినేడు ఓనరు మనిషి కూడా నీలాగే సంచి తగిలించుకుని, నీలాగే నవ్వుతూ వచ్చి తలలు లెక్కపెట్టుకుపోయాడు. నెల తిరక్కుండా పైవాళ్ళ పరుపులు వీధిలో పడ్డాయి.”

“నేను రాసింది ఓనరుకి వెళ్ళదు. చట్టం ఒప్పుకోదు.”

“ఓహో, చట్టం. ఏమడగమంది నీ చట్టం?”

“ఏప్రిల్ ఒకటిన ఇక్కడ ఎవరెవరున్నారని.”

“ఆ రాత్రి ఇక్కడ పడుకున్నది నేనూ, ఆ పిల్లీ. దేవుడి మీద ఒట్టు.”

“పగలు పడుకునేవాళ్ళు? రాత్రంతా గోదాముల్లో పెట్టెలు మోసొచ్చి పగలు పడుకున్నా ఈ ఇంటి లెక్కే.”

“గోదాములని నీకెవరు చెప్పారు?”

“గడప పక్కన ఇనుప ముక్కు బూట్లు. ఐదు జతలు.”

“కళ్ళా అవి, టార్చిలైట్లా?”

“దోన్యా, వినండి. మన కౌంటీ ఎంతని? రెండు నదుల మధ్య ఓ రాతి గుట్ట. రాష్ట్రంలో ఇంతకంటే చిన్నది లేదు. జనమా, ఇసకేస్తే రాలదు.”

“నాకు తెలీదూ? మెట్ల మీద ఎవరైనా ఎదురొస్తే ఒకళ్ళు వెనక్కి దిగాల్సిందే.”

“కాగితం మీద మాత్రం సగమే ఉన్నాం. అందుకే మన వీధి ఆసుపత్రి ఎత్తేస్తామంటున్నారు. జనం లేరట.”

“ఏది, పిల్లల డాక్టరు కూచునేదా?”

“అదే.”

“అదెలా ఎత్తేస్తారు? మా మనవరాలికి ఉబ్బసం, రాత్రికి రాత్రి ఎత్తుకు పరిగెట్టేది అక్కడికే.”

“ఒక్కరే అన్నారుగా.”

“మెల్లగా మాట్లాడు, మెట్ల మీద వింటారు.”

“ఆ దగ్గు పాపదేనా?”

“పాపదే.”

“ఎంతమంది దోన్యా?”

“ఏడుగురం. మంచాలు మూడు, వంతులేసుకుని పడుకుంటాం. చెప్పేశాను. ఇక నా పరుపూ వీధిలో పెట్టించు.”

“అలా జరగదు. ఏడు. రాస్తున్నా.”

“ఆగు. నువ్వెక్కడుంటావు?”

“రెండు వీధులవతల. నేలమాళిగలో.”

“నేలమాళిగ అద్దెకివ్వకూడదుగా?”

“... ఇవ్వకూడదు.”

“మీ ఇంటికీ వచ్చుంటుందిగా ఈ కాగితం. ఎంతమందని రాశావు?”

“నాకు టైమవుతోంది దోన్యా, ఇంకా నాలుగిళ్ళున్నాయి.”

“ఎంతమందని?”

“ఇద్దరని.”

“ఉండేది?”

“... తొమ్మిదిమందిమి.”

“చట్టం ఉందన్నావు. ఓనరుకి వెళ్ళదన్నావు.”

“భయమేసింది దోన్యా.”

“కొట్టెయ్ ఆ ఏడు.”

“పాపకి ఆసుపత్రి...”

“కొట్టెయ్యమన్నానా. మళ్ళీ మొదట్నుంచి అడుగు.”

“... ఈ ఇంట్లో ఎంతమంది?”

“నేనొక్కదాన్నే.”