తెల్ల దారం కట్టిన నాలుగు మొక్కలు

జూలై 9, బుధవారం. అటవీ పార్కు రేంజి ఆఫీసు, ముందు గది. నిన్న మావారి మీద రాసిన కాగితంలో “అమ్ముకోవడానికి తవ్వాడు” అని ఉంది. దాని కింద సంతకం పెట్టమంటే పెట్టనన్నాను. నా మాట నేనే రాస్తానంటే అధికారి ఈ కాగితాలు ఇచ్చారు.

నా వయసు డెబ్బై రెండు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మావారు ఇదే పార్కులో గార్డుగా పనిచేశారు. ఫిర్యాదు ఇచ్చింది మా మనవరాలు. ఇప్పుడు ఇక్కడ గార్డు తనే. తన డ్యూటీ తను చేసింది. అందుకు నాకు కోపం లేదు.

సోమవారం ఉదయం నేను వంటింట్లో ఉండగా మావారు చిన్న పార, తడి గోనెసంచి పట్టుకుని వెళ్లారు. పదకొండింటికి మనవరాలు రోడ్డు మలుపు దగ్గరి వాలులో నీలిపువ్వు మొక్కలు తవ్విన నాలుగు గుంతలు చూసి ఆఫీసుకు కబురు పెట్టింది. ఆ నీలిపువ్వు ఈ కొండ మీద తప్ప ఇంకెక్కడా పూయదు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి తాత చేతులు చూసింది.

“తాతయ్యా, ఆ మట్టేంటి?”

“రోడ్డు మిషన్ వస్తోంది కదా, మొక్కల్ని పక్కకి మార్చాను. నువ్వేమో ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుంటావు. వాటికేం కాళ్లున్నాయా, లేచి నడిచెళ్లడానికి?”

“ఏ రోడ్డు తాతయ్యా?”

“ఏ రోడ్డంటుందేమిటే ఇది. నీకు యూనిఫాం ఎవరిచ్చారే?”

ఆ రోడ్డు పడి ముప్పై ఏళ్లు దాటింది. రోజూ దాని మీదే నడిచి పాలు తెస్తారు. పిల్ల నా వైపు చూసింది. అన్నం తినకుండానే వెళ్లి, ఫిర్యాదులో తాత పేరు రాసింది.

తర్వాత గార్డులకు కొండ మీది నీటి ఊట పక్కన నాటిన మూడు మొక్కలు దొరికాయి. వాటికున్న తెల్ల దారం బేరగాడు కట్టిన గుర్తని అధికారి అంటున్నారు. కాదు. మొక్కను పెకలించే ముందు తూర్పు వైపు రెమ్మకు దారం కడతారు. కొత్త గుంతలోనూ ఆ దారం తూర్పుకే ఉండాలి. లేకపోతే మొక్క ఎండను వెతుక్కుని అలిసిపోతుందని మావారు అనేవారు. రోడ్డు వేసేటప్పుడు గార్డులందరూ అలాగే మార్చారు. ఊట పక్కన దొరికిన మూడింటికీ దారం తూర్పునే ఉంది. అమ్ముకునేవాడికి తూర్పుతో పనేమిటి?

ఆ మూడూ వాడిపోయాయి. వేళ్లు తెగాయట. నాలుగోది ఎక్కడ నాటారో ఆయనకు గుర్తులేదు. నిన్న మూడుసార్లు అడిగాను. మూడోసారి, “నీకు చెప్పకుండా నేనెక్కడ పెడతానే?” అన్నారు.

ఇక జరగవలసినవి:

1. కాగితంలో “అమ్ముకోవడానికి” అన్న మాట కొట్టేయాలి. “తవ్వాడు” అన్నది ఉంచాలి. అది నిజం.

2. నాలుగో మొక్కను ఈరోజే ఊట పైవైపు వెతకాలి. నేనూ వస్తాను.

3. పార నాకు తిరిగి ఇవ్వవద్దు.

4. సోమవారం నుంచి ఆయన మాటిమాటికీ గేటు దగ్గరకు వెళ్లి మిషన్ వచ్చిందా అని అడుగుతున్నారు. రోడ్డు ఎప్పుడో పడిందని నేను నిజమే చెబుతున్నాను. విన్న ప్రతిసారీ, “మరి మొక్కలు?” అంటున్నారు. ఇకనుంచి గేటు దగ్గర మనవరాలు, “మిషన్ వెనక్కి వెళ్లిపోయింది తాతయ్యా” అని చెప్పాలి. నేను పక్కనే ఉంటాను. కాదనను.

ఇందులో నేను చూసినవి, విన్నవి తప్ప వేరే ఏమీ లేవు. మళ్లీ చదువుకుని సంతకం చేశాను.

(సంతకం)