దినామూ యాడికి పోతావు?

అది కాదప్పా మస్తానూ, ఒక మనిషి బండి కొంటానంటే ఇంట్లోవాళ్లు ఏమడగాల? రంగు అడగాల. ఇంజన్ ఎట్లుండాదని అడగాల. మా ఇంట్లో ఏమడిగినారో తెలుసునా? "దినామూ యాడికి పోతావు?" అంట!

ముప్పై రెండేళ్లు సిటీ బస్సు తోలినోణ్ణి పట్టుకోని అడిగే మాటేనా అది? రిటైరై ఏడు నెలలే అయింది, అప్పుడే నాకు పోయేదానికి చోటే లేదంట!

నువ్వు ఆ వెల్లుల్లి ఒలుచుకుంటానే విను. టీ వద్దు, తాగే వచ్చినా. నీకు కాకుంటే ఇంకెవరికి చెప్పుకునేది? పద్నాలుగేళ్లు ఒకే బస్సులో నేను డ్రైవరు, నువ్వు కండక్టరు. నీ ముఖం నేను ఇట్ల నేరుగా చూసిందానికన్నా అద్దంలో చూసిందే ఎక్కువ.

పదమూడేళ్ల బండప్పా. తెల్లది, ఏడు సీట్లు, డీజిలు. ఎత్తు చూడాల నువ్వు! క్లచ్చు గట్టిగా ఉండాది, తొక్కితే తొక్కినట్లు తెలస్తాది. ఎడమ పక్క వెనక డోరు ఒక తూరికి పడదు, రెండు తూర్లు కొట్టాల. ఏసీ ముందర సీట్లకే. అయితే ఏమి? మనం తోలిన బస్సులో ఏసీ యాడుండె?

మా కొడుకు పునీతు ఉండాడు కదా, వాడు నాకు పాఠం చెప్పినాడు. "నాన్నా, పాత బండికి స్పేర్లు దొరకవు. రెండేళ్లకి ఎఫ్‌సీ అని ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగాల. బెంగుళూరు ట్రాఫిక్కులో దాన్ని దినామూ తీస్తే మోకాళ్లు అరిగిపోతాయి. ఫోన్లో నొక్కితే నాలుగు నిమిషాల్లో కారు వస్తాది, వెనక కూర్చోని హాయిగా పో."

వెనక కూర్చోని! నేను!

వానికొక చిన్న కారు ఉండాది, ఆటోమేటిక్. తోలి చూడమని ఒక ఆదివారం ఇచ్చినాడు. క్లచ్చే లేదు మస్తానూ! ఎడమ కాలికి పనే లేదు. పెళ్లింట్లో ఎవరూ పని చెప్పని చుట్టం మాదిరి ఊరికే ఒక మూల కూర్చోనుంటాది. పక్కన నీళ్ల ట్యాంకరు పోతే నాకు దాని చక్రం ఒకటే కనపడె. బకెట్లో కూర్చోబెట్టి రోడ్డు మీద తోసినట్లుండె నన్ను.

మా ఇంటామె పుష్పావతికి ఇంకొక బాధ. వాకిట్లో అంత బండి నిలిపితే ముగ్గు యాడ ఏసేదంట. బానెట్టు మీద ఏసుకో అన్నా. ఆ రాత్రి నా రసంలో ఉప్పు పడలేదు.

సరే అని నిన్న ఎవరికీ చెప్పకుండా పోయి చూసినా. వైట్‌ఫీల్డ్‌లో అపార్ట్‌మెంటు. ఓనరు పేరు హేమంత్‌కుమార్, తెలుగాయనే, విజయవాడ పక్క. కంప్యూటర్ కంపెనీలో పని. కొత్త బండి కొన్నాడు, రెండిటికీ పార్కింగు లేదు. "టెస్ట్ డ్రైవ్ చెయ్యండి అంకుల్, నో హర్రీ" అని తాళం నా చేతికిచ్చి పక్క సీట్లో కూర్చునె.

స్టార్ట్ చేసినా. అబ్బబ్బా! సీటు కింద నుంచి వీపు దాకా ఒక వణుకు వచ్చె చూడు. ఆ వణుకు లేకనే కదప్పా ఏడు నెలలుగా నాకు ఈ నడుము నొప్పి!

హూడి దాకా రాజా మాదిరి పోయినా. హూడి బస్ స్టాపు వచ్చె. జనం నిలబడుండారు. నా చేతులు నన్ను అడిగినాయా? అడగలేదు. ఇండికేటరు ఏసినాయి, బండిని ఎడమకి తెచ్చినాయి, బోర్డు కాడ నిలిపినాయి. ఒక జానెడు అటు లేదు, ఇటు లేదు.

నిలిపి, అద్దంలోకి చూస్తా కూర్చున్నా. నీ ఈల కోసరం.

నవ్వద్దు! నవ్వేదానికేనా నీకు చెప్పేది?

"ఏమైంది అంకుల్, ఇంజన్లో ప్రాబ్లమా?" అంటాడు హేమంత్‌కుమార్. నేను నోరు తెరిచే లోపల వెనక డోరు తెరుచుకునె. ఒక అవ్వ. ఇంత లావు కరేపాకు మూట ముందర తోసి, దాని వెనకాల తానూ ఎక్కె. చిన్న బస్సు అనుకునిందో ఏమో పాపం. డోరు పడలేదని రెండో తూరి దబీమని కొట్టె. ఆ పైన ఏం చేసిందో చెప్పు? కొంగు ముడి విప్పి, ఆధార్ కార్డు తీసి, హేమంత్‌కుమార్ ముక్కు కాడ పెట్టె!

ఆధార్ చూపిస్తే ఆడోళ్లకి బస్సులో టికెట్టు లేదు కదా ఇప్పుడు. ముందర ఎడమ పక్క కూర్చున్నోడు కండక్టరే అని లెక్క ఏసింది.

ఆయన కార్డు చూస్తాడు, నన్ను చూస్తాడు. "అంకుల్, ఎవరీవిడ?" అంటాడు. నాకేం తెలుసు? కార్డులో సొన్నమ్మ అని ఉండె, అదే చదివి చెప్పినా.

"చూసినావు కదా నాయనా, ఇంక పోనీ. కె.ఆర్.పురం మార్కెట్టు కాడ దించు, ఆకు వాడిపోతాది" అనె ఆ అవ్వ.

దిగవ్వా అనేదానికి నాకు నోరు రాలే మస్తానూ. ఎన్ని వేలమందిని ఎక్కించినాను, ఎక్కినోళ్లని దిగమని చెప్పేది నీ పని, నాది కాదు కదా. పోనిచ్చినా. బండంతా కరేపాకు వాసన. మార్కెట్టు కాడ హేమంత్‌కుమారే దిగి మూట ఎత్తి ఇచ్చినాడు, మంచోడప్పా. ఆ అవ్వ ఆయనకి ఒక పిడికెడు కరేపాకు ఇచ్చిపోయె. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకోని "థాంక్యూ ఆంటీ" అనె.

అంతవరకు బాగుండె. తిరిగి వచ్చేటప్పుడే నాకు బేజారయింది. అద్దంలో చూస్తే ఐదు సీట్లు ఖాళీ. ఖాళీ బండి నేను తోలింది డిపోకి పోయేటప్పుడే కదా. డ్యూటీ అయిపోయిందని అర్థం. సరిగ్గా అప్పుడే ఆయన అడిగె, మర్యాదగానే. "డైలీ ఎక్కడికి వెళ్తుంటారు అంకుల్?"

ముందర ఎవరూ లేకున్నా హారను కొట్టినాను అప్పా.

ఒకటి చెప్తా, నీలోనే పెట్టుకో. పొద్దున ఏడుకి వాకింగు అని చెప్పి నేను యాడికి పోతా ఉంటినో తెలుసునా? మన బస్సెక్కుతా ఉంటి. అదే రూటు. టికెట్టు తీసుకోని డ్రైవరు వెనకనే కూర్చుంటి. సర్జాపుర దాకా పోయేది, అదే బస్సులో వచ్చేది. ఏడు నెలలు!

పోయిన సోమవారం ఆ డ్రైవరు బండి నిలిపి నా పక్క తిరిగినాడు. "పెద్దాయనా, నేను బ్రేకు తొక్కకముందే మీరు దబ్ దబ్ అని నేలని తొక్కతా ఉండారు. నాకు చెయ్యి తడబడతా ఉండాది. కొంచెం వెనక్కి పోయి కూర్చోండి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. తప్పు నాదే, వానిది కాదు. పోయి చివరి సీట్లో కూర్చున్నా. ఆడ్నించి రోడ్డు కనపడదు మస్తానూ. వీపులు కనపడతాయి.

మళ్లా ఆ బస్సెక్కలేదు. రెండు దినాలు పార్కులో బెంచీ మీద కూర్చున్నా. మూడో దినం ఫోన్లో ఈ బండి కనపడె.

ఇదంతా పుష్పావతికి ఎట్ల చెప్పేది? నవ్వితే ఒక బాధ, నవ్వకుంటే ఇంకా పెద్ద బాధ. ఈ పొద్దు కాఫీ గ్లాసు చేతిలో పెట్టి మళ్లా అదే మాట అడిగె. "నిజం చెప్పు, దినామూ యాడికి పోతావు?" నా నోట్లో నుంచి నీ పేరు వచ్చేసె.

కోపం చేసుకోవద్దు. ముందర విను.

మస్తాన్‌కి కాలు పట్టుకునింది, అడుగు తీసి అడుగు ఏయలేడు అన్నా. సర్జాపుర కాడ ఒక వైద్యుడుండాడు, దినామూ పోయి నూనె పట్టించుకోవాల, ఆటోలో మడుచుకోని కూర్చోలేడు, కాలు చాపుకునేంత బండి కావాల అన్నా. ఎట్ల వచ్చినాయో మాటలు, ఒకదాని వెనక ఒకటి!

ఏడ్చేసిందప్పా పుష్పావతి. "అంత మంచి మనిషికా" అనె. "పోయి బండి తెచ్చుకో, ఇంకేం ఆలోచన" అనె. హేమంత్‌కుమార్‌కి ఆ నిమిషమే ఫోన్ చేసేసినా. రేపు తెస్తా ఉండాడు బండి.

నీకు మాత్రం పొద్దున ఏం పని ఉండాది చెప్పు? ఎన్ని వెల్లుల్లి ఒలుస్తావు? వెనక సీట్లో కూర్చో, కాలు చాపుకో, నిద్రపో, పేపరు చదువుకో. నాతో మాట్లాడేది కూడా వద్దు. బండిలో ఒక మనిషి ఉండాల, అంతే నేను అడిగేది.

ఇంకొకటి ఉండాది. సాయంత్రం ఐదుకి పుష్పావతి నిన్ను చూసేదానికి వస్తా ఉండాది. పొద్దున్నుంచి మేక కాళ్ల సూపు కాస్తా ఉండాది నీకోసరం. మీ ఇంట్లోవాళ్లకి కూడా ఒక మాట చెప్పిపెట్టు. సూపు మొత్తం తాగు, లేచేటప్పుడు గోడ పట్టుకో.

ఏ కాలు అంటావా? అది చెప్పలేదప్పా. నీకు ఏది వీలైతే అది కుంటు.