కుసుమకుమారి గారి రక్తం

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో ఒక రక్తపరీక్షల సెంటరు. రిపోర్టులిచ్చే కౌంటరు. ఏప్రిల్ నెల, సాయంత్రం అయిదున్నర.

"రీకౌంటింగ్ ఉండదు సార్ గీడ. ఇది ల్యాబు."

"రీకౌంటింగ్ లేకపోతే రీవాల్యుయేషన్ పెట్టమ్మా. ముప్ఫై రెండేళ్ళు ఈ దిల్‌సుఖ్‌నగర్లో ఎంసెట్ పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ణి. భానుమూర్తి సార్ అంటే ఏ కోచింగ్ సెంటర్లోనైనా చెబుతారు. పేపర్లు దిద్దేటప్పుడు ఎన్ని పొరపాట్లు జరుగుతాయో నాకు తెలుసు."

"పేపర్ కాదు సార్, రక్తం. మిషిన్ దిద్దుతది. నా పేరు యాదలక్ష్మి. పదకొండేండ్లసంది గీ కౌంటర్లనే ఉన్న. రక్తానికి రీవాల్యుయేషన్ అడిగినోళ్ళు మీరే ఫస్టు."

"సరే యాదమ్మా, విను..."

"యాదలక్ష్మి."

"ఆ, అదే. ఇదిగో, కుసుమకుమారి, అరవై ఒకటి, ఫిమేల్. మా ఆవిడ. ఈ టీఎస్‌హెచ్ అన్నదాని దగ్గర పన్నెండు పాయింట్ తొమ్మిది అని వేశారు. దాన్ని నాలుగు చెయ్యి."

"నాలుగు చేసుడేంది సార్!"

"పక్కనే రాశారుగా, సున్నా పాయింట్ నాలుగు నుంచి నాలుగున్నర దాకా పాసని. పోనీ, నాలుగున్నర వెయ్యి. బోర్డరు."

"గ్రేస్ మార్కులు అడుగుతున్రా? అసలు ఇవి మార్కులే కావు సార్. మీకు సమజయ్యేటట్టు చెప్త. గొంతుల థైరాయిడ్ గ్రంథి ఉంటది. అది పోరడనుకోండ్రి. పైన మెదడుల ఇంకో గ్రంథి ఉంటది, అది సారు. పోరడు లెక్క చేస్తలేడు, సారు అరుస్తడు. ఇంకా చేయకుంటె ఇంకా గట్టిగ అరుస్తడు. గా అరుపే టీఎస్‌హెచ్. పన్నెండున్నదంటె సారు గొంతు చించుకుంటున్నడన్నట్టు."

"పిల్లాడు?"

"బెంచీ మీద పండుకున్నడు."

"అయితే ఆ సారుని కాస్త మెల్లగా అరిచినట్టు రాయి. సరిపోతుంది."

"నేనెట్ల రాస్త సార్? నా నౌకరి పోతది."

"ఆరింటికి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాలమ్మా. ఆరు వారాల క్రితం పద్నాలుగు పాయింట్ రెండు ఉందని యాభై మాత్ర రాశారు. ఇంకా సరిగ్గా తగ్గలేదంటే ఇవ్వాళ వంద చేస్తానన్నారు. వంద! ఆవిడకి ఆ యాభయ్యే అక్కర్లేదు."

"అక్కర్లేదని మీరెట్ల చెప్తరు?"

"చెబుతున్నాగా, అక్కర్లేదని. ఆగు, ఫోను... ఆఁ, కుసుమా. ఎల్బీ నగర్లో ఎక్కేశావా? కదిలిందా? అయ్యో, అంత తొందరెందుకూ. సరే, సరే... చూశావా, వచ్చేస్తోంది. మధ్యలో రెండే స్టేషన్లు. నాలుగు వెయ్యమ్మా."

"ముందుగాల గిది చెప్పుండ్రి. గోళీ ఎట్ల ఏసుకుంటది అమ్మ? పరిగడుపున ఉత్త నీళ్ళతోని ఏసుకోవాలె. గంట దాంక చాయ్ వద్దు, కాఫీ వద్దు. కాఫీతోని పోతె గోళీ ఒంటికి పట్టది. గందుకే తగ్గుతలేదేమో."

"ఆవిడ కాఫీయే తాగదు. మా ఇంట్లో కాఫీ నాకొక్కడికే. పొద్దున్న అయిదింటికి మాత్ర తీసుకుని వంటింట్లోకి వెళ్తుంది, గ్లాసుతో నా కాఫీ తెస్తుంది. ఆ చెంచా చప్పుడుకే నాకు మెలకువ. మాత్రల అట్టలో రోజుకో గుంట ఖాళీ. లెక్క తప్పదు."

"మంచిది. అలసట ఉంటదా?"

"ఆవిడకా? బట్టల బకెట్టు పట్టుకుని మూడంతస్తులు ఎక్కుతుంది."

"చలి పెడ్తదా?"

"ఏప్రిల్లో చలేమిటి?"

"మరి మీరు స్వెటర్ ఏసుకున్నరు."

"మీ ఏసీ చలి."

"ఏసీ వారంసంది ఖరాబున్నది సార్."

"అలాగా. బాగా చల్లగా ఉంది మరి."

"నిద్ర ఎట్ల? ఎక్కువొస్తదా? ... సార్. సార్! నిలవడి పండుకుంటున్రా?"

"లేదమ్మా. కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్నాను. ఏమడిగావు?"

"నిద్ర సంగతే. పోనియ్యి. మతిమరుపు?"

"ఆవిడకా! తొంభై రెండులో నేను పారేసుకున్న గొడుగు రంగు ఇప్పటికీ చెబుతుంది యాదమ్మా."

"యాదలక్ష్మి. ఇగో, బీ ట్వెల్వ్ నూట నలభై ఉన్నది. రెండొందలన్న దాటాలె. విటమిన్ డి తొమ్మిదే. అరికాళ్ళు తిమ్మిరెక్కుతయా?"

"అబ్బ, ఏం చెప్పమంటావు, పడుకుంటే చాలు చీమలు పాకినట్టు... పాకినట్టు ఉంటుందేమో, అడగాలి ఆవిణ్ణి."

"సార్."

"ఊఁ."

"ఇది ఎవరి రక్తం?"

"కుసుమకుమారి, అరవై ఒకటి, ఫిమేల్."

"కాయితం మీద కాదు సార్. సిరంజిల."

"ఆగు, ఫోను. ఆఁ, కుసుమా. విక్టోరియా మెమోరియల్ దాటిందా? మంచిది. నేనా? ఇక్కడే. ఇక్కడే అంటే... ఇక్కడే. పెట్టేస్తున్నా."

"ఎవరి రక్తం సార్?"

"నాది."

"రెండుసార్లు కూడనా?"

"రెండుసార్లూ."

"అయ్యో దేవుడా! మా సంతోషి గదా ఇంటికొచ్చి తీసింది. పేరు చూడాలె, మనిషిని చూడాలె. ఫిమేల్ అని ఉంటె మీ చెయ్యెట్ల పట్టుకున్నది?"

"దాన్నేమనకు. రెండువేల పన్నెండు బ్యాచ్, నా స్టూడెంటు. సారే చెయ్యి చాపితే కాదనగలదా పాపం. మా ఆవిడకి సూదంటే భయం, ఆవిడ బదులు నేనిస్తానన్నాను."

"బదులిచ్చుడేంది! పరీక్షల ఒకలకు ఇంకొకలు కూసుంటె పోలీసులు పట్కపోతరు గద సార్!"

"ఆ ముక్క ప్రతి బ్యాచ్‌కీ నేనే చెప్పేవాణ్ణి."

"మరి అమ్మ ఎట్ల నమ్మింది? సూది వడకుండ రిపోర్టొస్తె అడగదా?"

"ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఒకే గిన్నెలో అన్నం, ఒకే కూర తింటున్నాం. ఇద్దరి రక్తమూ ఒకటే, ఎవరిచ్చినా జవాబు అదే వస్తుందన్నాను. లెక్కల మేష్టరు చెబితే నమ్మదూ? తలూపింది."

"మీ పేరు మీదనే ఇచ్చుకుంటె ఏమైతుండె?"

"నా పేరు మీద కాగితం వస్తే ఆవిడ అక్షరం వదలకుండా చదువుతుంది. తన పేరు మీద వచ్చింది ఈ జన్మలో చదవలేదు. అదీ నా లెక్క. మీ ల్యాబులో ఆడవాళ్ళ ప్యాకేజీ ఉందని తన పేరు రాయించుకుంది, అది వాడుకుందామనుకున్నాను. తీరా ఆ మొదటి రిపోర్టే చదివింది. చదివి, నేరుగా డాక్టరు దగ్గరికి పోయింది."

"గంత దాచేదేమున్నది సార్?"

"ఎవరితోనైనా అంటావేమో."

"చెప్పుండ్రి. ఎవ్వలతోని అనను."

"జనవరిలో క్లాసులో బోర్డు మీద లెక్క మొదలుపెట్టాను. డెబ్భై మంది పిల్లలు. సగంలో... తర్వాత ఏం చెయ్యాలో తెలియలేదు. వెయ్యిసార్లు చెప్పిన లెక్కే. సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఒక పిల్ల లేచొచ్చి మంచినీళ్ళిచ్చింది. మర్నాడు డైరెక్టరు, కొన్నాళ్ళు రెస్టు తీసుకోండి సార్ అన్నాడు. మా నాన్నగారికీ ఇలాగే మొదలైందమ్మా. ఆఖర్న నన్నే పట్టుకుని, ఎవరు బాబూ నువ్వు అన్నారు. భయమేసింది. చాలా భయమేసింది. రక్తంలో ఏమైనా తెలుస్తుందేమోనని ఇచ్చాను. తీరా చూస్తే థైరాయిడ్ అని వచ్చింది."

"మరి వచ్చింది గద!"

"అది ఆడవాళ్ళ జబ్బు కదా. కాగితం మీద ఫిమేల్ అని ఉంది కాబట్టి మిషన్ ఆడవాళ్ళ జబ్బు ఇచ్చిందనుకున్నాను."

"మిషిన్ మొకం చూసి జబ్బులిస్తదా సార్! ఆడోళ్ళకు ఎక్కువొస్తది, గంతే. మగోళ్ళకు రాదని ఎవలన్నరు? చలి, నిద్ర, మతిమరుపు, తిమ్మిర్లు. థైరాయిడ్ తక్కువ చేస్తె గిట్లయితది, బీ ట్వెల్వ్ తక్కువున్నా గిట్లయితది. మీకు రెండూ ఉన్నయి. నేను డాక్టర్ను కాను. గాని మందులు వాడినంక మంచిగైనోళ్ళను ఎంతమందినో చూసిన."

"అంటే... మా నాన్నగారిది కాదా ఇది?"

"డాక్టరే చెప్పాలె. కాకపోవచ్చు సార్. పోయి చూపెట్టుకోండ్రి."

"మళ్ళీ సుద్దముక్క పట్టుకోవచ్చంటావా?"

"ముందుగాల గోళీ పట్టుకోండ్రి. ఆగుండ్రి... ఒకటి సమజైతలేదు. మీ రక్తం పద్నాలుగు పాయింట్ రెండు ఉండె. గోళీలు మింగింది అమ్మ. మరి మీ రక్తంల పన్నెండు పాయింట్ తొమ్మిది ఎట్లయింది? కొంచెం మందన్న ఒంట్లకు పోకుంటె గట్ల తగ్గదు."

"నాకూ అంతుపట్టలేదు. నేనే మింగేసి మర్చిపోయానేమో అనుకున్నాను."

"నిజంగ మింగిన్రా?"

"లేదు. అట్ట ఆవిడ కొంగున ఉంటుంది, లెక్కపెట్టుకుంటుంది. అదే నా బాధ యాదలక్ష్మీ. నా పిరికితనానికి ఆరు వారాలుగా ఆవిడ మాత్రలు మింగుతోంది. ఇవ్వాళ రెట్టింపు చేస్తారు. చెప్పేద్దామని రోజూ అనుకుంటాను. కాఫీ గ్లాసు అందుకోగానే నోరు రాదు."

"హమ్మయ్య, నా పేరు యాదికొచ్చింది. గిప్పుడు అమ్మకు చెప్పుండ్రి. అగో, గా మెట్లెక్కి వస్తున్నది అమ్మేనా?"

"ఏమండీ, ఇక్కడున్నారా? డాక్టరుగారి దగ్గర కూర్చోమన్నానుగా. ఆ స్వెటర్ గుండీలు చూడండి, మళ్ళీ ఒకదాని కాజాలో ఇంకోటి పెట్టుకున్నారు."

"కుసుమా, నువ్వు... చైతన్యపురి స్టేషన్ దాటానన్నా చెప్పలేదు. అప్పుడే వచ్చేశావా?"

"రైలు నా కోసం ఆగుతుందా? ఏమ్మా, ఏమంటున్నారు ఈయన?"

"అమ్మా, జర గీ కుర్చీల కూసోండ్రి. మీ రక్తం తీయాలె. భయపడకుండ్రి, సూది సన్నదే."

"సూదంటే నాకెందుకమ్మా భయం? సరూర్‌నగర్ స్టేడియంలో క్యాంపు పెట్టినప్పుడల్లా రక్తం ఇచ్చొస్తాను."

"సార్ మీకు భయమని చెప్పిన్రు."

"ఆయన చెప్పారు. నేను తలూపాను. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అంతేగా."

"కుసుమా, ఒక మాట. ఇవ్వాళ డాక్టరు వంద అంటే ఒప్పుకోకు. ఆ జబ్బు నీది కాదు. నాది."

"నాదే అయితే ఆ కాగితం అంత శ్రద్ధగా ఎందుకు చదువుతానండీ?"

"నీకు తెలుసా?"

"క్లాసులో మీకు నీళ్ళిచ్చిన పిల్ల తల్లి మర్నాడే రైతుబజార్లో కనిపించింది. మీరే చెబుతారని మూడు నెలలు చూశాను. చెప్పలేదు. నా పేరు వెనక దాక్కున్నారు. దాక్కోనీలే అనుకున్నాను. మీ నాన్నగారిని తలుచుకుని నిద్రలో ఏడుస్తున్నారు, ఇంకా ఏం అడగను?"

"మరి ఆ మాత్రలు ఎందుకు మింగావే!"

"నేను మింగానని ఎప్పుడన్నాను?"

"అట్ట ఖాళీ అవుతోందిగా, రోజుకొకటి!"

"అవుతుంది మరి. అమ్మాయ్, ఇంతకీ ఆ వందదైనా సరిగ్గా కరుగుతుందా? ఈ యాభైది ఎంతసేపు కలిపినా గ్లాసు అడుగున సున్నంలా మిగిలిపోతోంది, ఈయనేమో కాఫీలో ఆఖరి గుక్క ఎప్పుడూ వదిలేస్తారు."