రింగా, బోర్డా?

బాస్కెట్‌బాల్ మ్యాచ్ అయిపోయింది. ఓడిన జట్టు కోచ్ బయట తలుపు బాదుతున్నాడు. లోపల రిఫరీ బూట్లయినా విప్పకుండా, బంతి అందిన జట్టుకి షాట్ వేయడానికిచ్చే ఇరవైనాలుగు సెకన్లు లెక్కపెట్టే షాట్ క్లాక్ బటన్ నొక్కే తన బావమరిది మీద విరుచుకుపడ్డాడు.

"బంతి రింగుకి తగిలితేనే క్లాక్ మళ్ళీ మొదలెట్టాలి. ఉత్త బోర్డుకి తగిలితే బటన్ ముట్టుకోకూడదు. ఎన్నిసార్లు చెప్పాన్రా?"

"చాలాసార్లు చెప్పావు బావా."

"మరెందుకు నొక్కావు? వాళ్ళ టైమైపోయి బంతి అవతలి జట్టుకి వెళ్ళాల్సింది. నువ్వు పుణ్యం కట్టుకుని టైమిచ్చావు, వాళ్ళు బాస్కెట్ వేసి గెలిచారు! మీ అక్క చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే నిన్నా కుర్చీలో కూర్చోబెట్టాను చూడు, నాకుండాలి బుద్ధి."

"నాకు స్తంభం అడ్డమొచ్చింది బావా. నొక్కనా వద్దా అని నీ వంక చూశాను. నువ్వు తలూపావు."

రిఫరీ గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది.

"నాకు మాత్రం ఏం కనిపించింది, తాటిచెట్లలాంటి మనుషులు అడ్డముంటే? నువ్వు బటన్ మీద వేలు పెట్టుకుని నా వంకే చూస్తున్నావు. తగలడం చూసే ఉంటావనుకుని తలూపాను."

తలుపు మళ్ళీ దడదడలాడింది.

"ఇప్పుడు ఆయనకేం చెప్పేదిరా?"

"ఉన్నదే చెప్దాం బావా. ఇద్దరం కళ్ళార్పకుండా చూశాం. నువ్వు నన్ను, నేను నిన్ను."