పుట్టకురుపు లెక్క

ఏమే లిఖితా, ఇంకా ఏడుపెందుకే? ఏం లేదన్నారు గదా! నీ ఒంట్లోది ఉత్త కొవ్వుగడ్డ, భయం లేదని గుంటూరు డాక్టరు ఫోన్లో చెప్పాక కూడా ఆ ముక్కు చీదుడేంది? సంతోషమా? సంతోషమైతే చెయ్యాడించు, మిరపకాయల్లో తెల్లబారిన తాలుకాయలు ఏరు. పొద్దున ఫోనొచ్చిందాకా నా ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నా. ఇప్పుడు ఆకలేస్తోంది, నవ్వొస్తోంది, ఎవర్నన్నా తిట్టాలనీ ఉంది. ఎవరూ దొరక్కపోతే నిన్నే తిడతా. ఇన్నాళ్ళూ 'ఆ జబ్బేమో అమ్మమ్మా, ఆ జబ్బేమో' అంటా గొణిగావు గానీ దాని పేరు ఒక్కసారన్నా నోటితో అన్నావా? అమరేశ్వరరావు గారు వినుంటే చెవి మెలేసేవాడు. ఎవరా? అవున్లే, నీకెట్టా తెలుస్తది, అప్పటికి నువ్వు పాలు తాగే పిల్లవి.

ఆయనది ధరణికోట. అమరావతి దేవుడి పేరు పెట్టుకున్నాడు గానీ గుడి మెట్లెక్కాడని నేను వినలా. గవర్నమెంటు వాళ్ళు క్యాన్సరు లెక్క తీయటానికి ఒక ఆఫీసు పెట్టారు. ఏ ఊళ్ళో ఎంతమందికి వచ్చింది, ఒంట్లో ఏ చోట వచ్చింది, ఏడ ఎక్కువ, ఎందుకెక్కువ, అదంతా కనిపెట్టి చూసే ఆఫీసు. దానికి పెద్ద ఈయన. మందిచ్చే డాక్టరు కాదు, లెక్క తీసే డాక్టరు. మీ తాతకి నోరు ఊరుకోదు గదా, 'ఏందయ్యా, జనాభా లెక్కలు విన్నాం గానీ ఈ జబ్బు లెక్కలేంది, లెక్కేస్తే తగ్గుద్దా?' అని ఎగతాళి. దానికాయన 'దొంగ ఏ బజార్లో తిరుగుతున్నాడో తెలిస్తే గదా బాబాయ్, కుక్కని ఆ బజార్లో కట్టేసేది' అన్నాడు. మీ తాత నోరు మూయించిన మగాణ్ణి అప్పుడే చూశా. ఆ తాలుకాయ ఎర్రకాయల్లో వెయ్యమాక, మిర్చియార్డులో కొనేవాడు దాన్నే పైకి తీసి చూపిస్తాడు.

ఏం చెప్తున్నా? ఆ, లెక్క. మొదట ఆయన రాలా. ఆయన కింద పనిచేసే కుర్రాళ్ళొచ్చారు, వాళ్ళకి పెద్ద కిరణ్ కుమార్ అని, ఇస్త్రీ చొక్కా, నల్లద్దాలు. పల్లెటూరోళ్ళకి క్యాన్సరంటే తెలవదు, తెలుగులో అడగండని వాళ్ళకెవరో చెప్పారంట. నిఘంటువు తీసి చూస్తే అందులో 'పుట్టకురుపు' అని ఉంది. ఇంకేం, ఇల్లిల్లూ తిరిగి 'అమ్మా, మీ ఇంట్లో ఎవరికన్నా పుట్టకురుపు ఉందా?' అని అడగటమే. పుస్తకంలో ఆ మాటకి క్యాన్సరే అర్థం, అబద్ధమేం కాదు. ఊళ్ళో పుస్తకం పట్టేదాన్ని నేనొక్కదాన్నే గాబట్టి నాకది తెలుసు. కానీ మనూళ్ళో పుట్టకురుపంటే ఏందే? మానని పుండు ఏదైనా పుట్టకురుపే. మిరపకోతలకి వేళ్ళు పగిల్తే పుట్టకురుపు, గేదె తొక్కితే పుట్టకురుపు, సెగ్గడ్డ చితికితే పుట్టకురుపు. పేర్లో పుట్ట ఉంది గదా అని నాగేంద్రుడికి పాలు పోసి, పుట్టమన్ను తెచ్చి పట్టేసేవాళ్ళు. అట్టాంటి ఊళ్ళో ఆ మాట అడిగితే లేదనేదెవరు? 'ఉందయ్యా, నాకు రాసుకో, మా ఆయనకి రెండున్నాయి రాసుకో!' పైగా రాయించుకుంటే ఆయింట్‌మెంటు వస్తదని ఎవడో పుట్టించాడు. దాంతో ఒంటి మీద గీత కూడా లేనోడు లుంగీ ఎత్తి దోమ కుట్టింది చూపించాడు.

ఇంకేముంది! పేపర్లో పడ్డాం, మొదటి పేజీలో. పల్నాడులో క్యాన్సరు ఊరంట. మర్నాటినుంచి పాలవ్యాను మన మలుపులో ఆగలా. మాచవరంలో బస్సెక్కితే పక్కన కూర్చున్నోళ్ళు లేచి నిలబడేవాళ్ళు. ఇదంతా బయటోళ్ళ సంగతి, మనోళ్ళు చేసింది విను. మా తోడికోడలు రంగనాయకమ్మక్కకి కాలిమీద పుండు. మొన్నటిదాకా పుట్టకురుపేలే అని అందరూ పక్కనే కూర్చుని అన్నం తిన్నోళ్ళే. పుట్టకురుపంటే క్యాన్సరని పేపరోడు రాశాడో లేదో, అక్క మంచం గొడ్లపాకలోకి పోయింది. కంచం వేరు, చెంబు వేరు. కోడలు కూడు దూరంనుంచి జరిపేది. ఆ మనిషి కూడా నమ్మింది చూడు, అదీ ఘోరం. గోడవైపు తిరిగి పడుకుని మెతుకు ముట్టటం మానేసింది. 'తినక్కా' అంటే 'ఎందుకే సుబ్బరత్నం, ఎట్టాగూ పోయేదానికి' అనేది. పుండుతో కాదే, మాటతో చస్తా ఉంది.

అప్పుడు దిగాడు ఆయన. జీపు దిగుతుంటేనే కిరణ్ కుమార్ వెనకమాల పరిగెత్తుతా, 'సార్, రిపోర్టు ఢిల్లీ దాకా పోయింది సార్, ఇప్పుడు తప్పంటే మన ప్రోగ్రామ్ మొత్తం మూసేస్తారు సార్' అని ఒకటే గోల. ఆయన నడుస్తానే ఉన్నాడు. 'ఒక్క ఊరి మీద ఇంత జబ్బు పడదురా. ఊరన్నా అబద్ధం చెప్పాలి, మన ప్రశ్నన్నా అబద్ధం చెప్పాలి. మూస్తే మూసుకోనీ. తప్పుడు లెక్క మీద కుర్చీ వేసుకుని కూర్చుంటే మొలలొస్తాయి' అన్నాడు. నాకు నవ్వాగలా. తిన్నగా పాకలోకి పోయి అక్క మంచమ్మీద కూర్చున్నాడు. పక్కన కాదు, మంచమ్మీద! అక్క కాలు లాక్కుంది. 'ముట్టుకోమాకయ్యా, నీకూ అంటుకుంటది.' 'క్యాన్సరు అంటుకోదమ్మా. అంటుకునేదైతే నాకెప్పుడో పాడె కట్టేవాళ్ళు' అని, మేమందరం ముక్కుకి కొంగడ్డం పెట్టుకుంటే తన చేత్తో గుడ్డ విప్పి చూశాడు. చెప్పు కరిచిందా అన్నాడు. అవునంది. దప్పిక ఎక్కువా అన్నాడు. కుండ ఖాళీ చేస్తానంది. కూడా వచ్చిన నర్సు అమీనా బీ వేలు మీద పొడిచి మిషన్లో చూసింది. 'పుట్టా కాదు, పామూ కాదు, షుగరు' అన్నాడాయన. అక్క నోరెళ్ళబెట్టి, 'అయితే నేను చావనా అయ్యా?' అంది. 'చస్తావమ్మా, మా అందరితో పాటే. దీంతో మాత్రం ఇప్పుడు కాదు.' అంతే! ఆ మనిషి లేచి కూర్చుని, 'ఏమే సుబ్బరత్నం, గోంగూర పచ్చడుందా, అన్నం కలుపుకురా' అంది చూడూ, నేను వంటింట్లో గోడకానుకుని ఎంతసేపు ఏడ్చానో! తర్వాత బొటనవేలు తీసేశారులే. వేలు పోతే పోయింది, మనిషి దక్కింది. దక్కి నాతో ఎన్నేళ్ళు పోట్లాడిందనుకున్నావు!

ఆ సాయంత్రం బడి అరుగు మీద నిలబడి, 'తప్పు మీది కాదు, నా ప్రశ్నది' అన్నాడు. పేపరోడు కూడా దిద్దుకున్నాడులే. తప్పేమో మొదటి పేజీలో, దిద్దుబాటు మాత్రం లోపల పెళ్ళిసంబంధాల కింద. ఆయన్ని పైవాళ్ళు బాగానే చీవాట్లు పెట్టారంట, ఆఫీసు మూయలా, అదే పదివేలు. మళ్ళీ లెక్క మొదటినుంచి. ఈసారి జబ్బు పేర్లు లేవు. నోట్లో పుండు మానకుండా ఉందా? ముట్లాగిపోయాక రక్తం కనపడుతోందా? రొమ్ములో గడ్డ తగుల్తోందా? నడిబజార్లో నిలబడి, కూరగాయలోడు వంకాయలో అన్నట్టు 'రొమ్ము, రొమ్ము' అంటాడు! నేనూరుకుంటానా, 'ఆడాళ్ళ ముందు ఆ మాటలేంది, సిగ్గులేదా?' అని లేచా. 'ఉన్న చోటుకి పేరు పలకటానికి సిగ్గేందమ్మా? దాచుకున్నోళ్ళకి ఉండాలి గానీ' అని నా మొహంలోకి చూశాడు. లెక్క తేలింది. అన్ని ఊళ్ళలాగే మనకీ కాసినే ఉన్నాయి, ఎక్కువేం కాదు. పాలవ్యాను మళ్ళీ ఆగింది.

కానీ ఆయన బుర్ర చూడు. లెక్క ముగించి జీపెక్కబోతా ఆగి, 'అమీనా, మొదట అడిగినప్పుడు ఊరంతా ఉందీ ఉందీ అంది. లేదు పొండని తలుపేసింది ఒక్క ఇల్లే. ఆ మాటకి అర్థం తెలిసినోళ్ళే గదా భయపడేది. పద, ఆ ఇంటికి' అన్నాడంట. ఆయన బయట వేపచెట్టు కింద నిలబడ్డాడు. అమీనా బీ ఒక్కతే లోపలికొచ్చి తలుపు గడియ పెట్టింది. చెయ్యి పెట్టి చూసి, 'చిన్నదేలే అక్కా, టయానికే దొరికింది' అంది.

ఎవరింటికా? ఏందే ఆ చూపు? నీ చిన్నప్పుడు నా ఒళ్ళో పడుకుని, 'అమ్మమ్మా, నీ రైకలో ఈ పక్క ఏం దాచావు?' అని అడిగేదానివి, గుర్తుందా? పిచ్చికపిల్లని దాచానన్నా. నువ్వు చెవి ఆనించి విని, 'అరవట్లేదే' అన్నావు. నిద్రపోతోందిలే అన్నా.

పిచ్చిక కాదే. కోసేసిన చోట కుక్కిన పాత చీర ముక్క.

...లే, లే, మబ్బు పట్టింది. ముందా పట్టా తెచ్చి కాయల మీద కప్పు.